నుదుటి రూపాయి

శరత్‌చంద్రకి పాత నాణేల పిచ్చి. మామూలు పిచ్చి కాదు, తిండీ నిద్రా మానిపించే పిచ్చి. ఏ ముసలమ్మ పెట్టె అడుగున తెల్లదొరల నాటి రూపాయి ఉందన్నా బండేసుకుని వాలిపోయేవాడు. అట్లాంటివాడికీ ఆరో జార్జి బొమ్మ ఉన్న 1939 నాటి రూపాయి ఏళ్ళ తరబడి దొరకలేదు. ఆ ఏడాదివి కంటపడటమే గగనం. చివరికి వేటపాలెంలో ఒక జీడిపప్పు వ్యాపారి ఇంట్లో దొరికింది. ఇక చూడండి, పెళ్ళాం అన్నానికి పిలిచినా వినపడలేదు మహానుభావుడికి.

అది దొరికిన కొద్దిరోజులకే వాళ్ళ నాన్న జానకిరామయ్య మాస్టారు పోయారు. ప్రత్తిపాడు కల్లాల్లో మిరపకాయలు ఆరబోసిన రోజులు. జనం దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ వచ్చి చూసి వెళ్ళారు. శవం నుదుటన రూపాయి పెట్టాల్సి వచ్చేసరికి మేనత్త కోటేశ్వరమ్మకి ఇప్పటి బిళ్ళలు కంటికి ఆనలేదు. "మా అన్నయ్యకి ఈ రేకు ముక్కలా పెట్టేది?" అంటూ బీరువా తీసి, ప్లాస్టిక్ డబ్బీలో ఉన్న పాత వెండి రూపాయి తెచ్చి, పసుపు ముద్ద అద్ది అంటించేసింది. బొమ్మ లోపలికి, అంకె పైకి.

ఆ సంగతి శరత్‌చంద్రకి కాటి దగ్గర, కడసారి చూపప్పుడు గానీ తెలియలేదు. తండ్రి ముఖం చూడాల్సినవాడు అంకె చూశాడు.

ఆ ఊళ్ళో చితి ఆరాక నుదుటి రూపాయి కాటికాపరి యలమందయ్యది. వాళ్ళ తాతల నాటి నుంచీ అదే హక్కు. బూడిదలో వెతికి తీసుకుంటాడు, ఎవరూ కాదనరు. శరత్‌చంద్రకి అదీ తెలుసు. నిప్పుల్లో పడితే నాణెం ఏమైపోతుందో అంతకన్నా బాగా తెలుసు. నాన్న నుదురు నిమురుతున్నట్టు నిమిరి, బిళ్ళ ఊడదీసి, తడి పంచె మడతలో దోపుకున్నాడు. అంత ఏడుపులో ఎవరు చూస్తారు? వెంటనే తల కొరివి పెట్టాడు.

ఆ తర్వాత మొదలైంది అసలు బాధ. రాజుగారి తల చుట్టూ అక్షరాల సందుల్లో పసుపు ఇరుక్కుంది. కడిగితే నాణెం విలువ పోతుంది, కడగకపోతే నాన్న కనపడతాడు. డబ్బీ తెరిస్తే పసుపు వాసన. మూస్తే, గోడ మీది ఫోటోలో నాన్న నుదుటన గుండ్రంగా చర్మం లేచిపోయినట్టు కనిపించేది. దగ్గరికెళ్ళి చూస్తే ఏమీ లేదు. భయమేసింది వాడికి. చెప్పుకుందామంటే నోరు రాలేదు.

పదోరోజు కాలవ గట్టున పిండం పెట్టారు. కాకి రాలేదు. "మిరప ఘాటుకి కాకులన్నీ ఊరొదిలి పోయుంటాయిలే" అన్నాడొక చుట్టం. పొద్దు నడినెత్తికొచ్చింది. ఎప్పటికో ఒక కాకి వచ్చింది, పిండం చుట్టూ తిరిగింది, శరత్‌చంద్ర వైపు మెడ వంచి చూసి ఎగిరిపోయింది.

"మాస్టారికేదో కొరత ఉండిపోయింది. మనసులో అనుకోండి" అన్నారు బ్రహ్మగారు. తలా ఒక మాట ఇచ్చారు. శరత్‌చంద్రకి మాత్రం చేయాల్సిందేమిటో తెలుసు. పోతే పోయింది పాడు రూపాయి, నాన్న గట్టెక్కితే చాలనుకున్నాడు. ఇంటికి పరిగెత్తి నాణెం తెచ్చాడు. స్వయంపాకం కోసం దూరంగా కూర్చున్న యలమందయ్యని పక్కకి పిలిచి చేతిలో పెట్టాడు.

"నీదే ఇది. ఆరోజు నేనే తీశాను. తప్పయింది."

యలమందయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ముందే చెప్పాల్సింది బాబూ" అన్నాడు. "ఆరోజు ఎంత వెతికినా కనపళ్ళేదు. కరిగి ఎముకకి అంటుకుందేమో అనుకున్నా. నుదుటి ఎముక నలక్కొట్టి చూశా. అప్పటికీ లేదు. ఇక మొత్తం పిండి చేసి జల్లెడ పట్టేశా. నాకు ఓనమాలు దిద్దించిన మనిషి బాబూ ఆయన."

"మరి నేను అస్థికలని కుండలో తీసుకెళ్ళి కృష్ణలో కలిపిందేమిటి?"

యలమందయ్య తల దించుకున్నాడు. "కట్టె బొగ్గులు. ఆయన్ని జల్లిస్తుంటేనే, పొడంతా గాలికి కల్లాల మీదికి పోయింది."

రూపాయి శరత్‌చంద్ర చేతిలోనే తిరిగి పెట్టేసి, స్వయంపాకం కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. గట్టు మీద కోటేశ్వరమ్మ మాత్రం, ఎక్కడున్నా వచ్చి ఒక్క మెతుకు ముట్టుకోమని అన్నయ్యని ఇంకా బతిమాలుతూనే ఉంది.