వాయించి తీసుకెళ్లాలి

పెద్ద వంతెన కొట్టుకుపోయిన వరద వచ్చిందే, ఆ మరుసటేడు జరిగింది ఇది. ఆ వరదకి బేకరీలోకి నడుంలోతు నీళ్లొచ్చాయి. పిండి బస్తాలు పోయాయి, చెక్క అరలు పోయాయి, పిండి కలిపే మిషను కడుపు నిండా బురద తాగి మూలన కూర్చుంది. ఇటుకలది కాబట్టి బట్టీ బతికింది. వెనక గదిలో బీరువా మీద ఉండబట్టి, భుజాలకి తగిలించుకుని వాయించే అకార్డియన్ పెట్టె బతికింది.

బేకరీ ఆయన్ని వీధిలో అందరూ ఊఁ మామ అంటారు. ఏమడిగినా ఊఁ అనడం ఆయన అలవాటు. అవును, కాదు, చూద్దాం, ఇక వెళ్లిరా, అన్నీ అందులోనే ఉంటాయి. ఏది ఎప్పుడో తెలిసింది ఆయన భార్య ఒక్కదానికే. ఆమె అలా కాదు. తెల్లారి బట్టీతో పాటు నోరు వెలిగిస్తే, బట్టీ చల్లారినా ఆ నోరు చల్లారదు.

మిషను పోయినప్పటినుంచి పిండి ఆమే చేత్తో పిసుకుతోంది. ఆయన బట్టీ దగ్గర, ఆమె బల్ల దగ్గర. మొదట్లో బాగానే ఉంది. చలికాలం వచ్చేసరికి కుడి భుజం పట్టేసింది. డాక్టరు చూసి, ఇలాగే పిసికితే ఆ చెయ్యి ఇక పైకి లేవదన్నాడు.

"ఆయనకేం, చెప్తాడు. పొద్దున్నే రొట్టె కావాలంటే మళ్లీ మన దగ్గరికే రావాలిగా" అని నవ్వేసింది ఆమె.

ఒకరోజు తల దువ్వుకోబోయి, చెయ్యి చెవిదాకా వెళ్లి ఆగిపోతే, దువ్వెన పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తలుపు సందులోంచి ఆయన చూశాడు. ఆ మధ్యాహ్నమే స్టూలు వేసుకుని అకార్డియన్ పెట్టె కిందికి దించాడు.

"ఏంటయ్యా, ఇవాళ కచేరీయా?"

"అమ్మేద్దాం. మిషను కొందాం."

ఆమె పెట్టె మీది దుమ్ము కొంగుతో తుడిచింది. అది ఆయన పడుచువాడిగా ఉన్నప్పుడు మొదటి జీతాలు కూడబెట్టి కొన్నది. ఆదివారాలు పార్కులో బ్యాండుతో కలిసి వాయించేవాడు.

"నన్ను చేసుకునేటప్పుడు నువ్వు నాతో నాలుగు మాటలైనా మాట్లాడావా? అది మాట్లాడింది కాబట్టే ఒప్పుకున్నాను. ఇప్పుడు దాన్ని అమ్మేస్తే నాతో ఎవరు మాట్లాడతారు?" అంది.

"ఊఁ."

ఆ ఊఁకి తిరుగులేదని ఆమెకి తెలుసు.

కూతురు ఆసుపత్రిలో నర్సు. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, పాత సామాన్లు అమ్ముకునే చోట ఫోన్లో ప్రకటన పెట్టింది. "నాన్నా, ఫొటోకి కాస్త నవ్వు. తప్పిపోయిన పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు అలా పట్టుకుంటే ఎవరు కొంటారు?" అని పోరి, చివరికి ఆయన మొహం రాకుండా తీసింది. వెళ్లేముందు మరీ మరీ చెప్పింది. "ఎవరైనా గళ్ల బొమ్మ పంపి స్కాన్ చెయ్యమంటే చెయ్యకు. ఫోన్‌కి వచ్చిన నంబరు అడిగితే చెప్పకు. డబ్బు రావడానికి మనం ఏదీ నొక్కక్కర్లేదు. తెలిసిందా?"

ఆయన తలాడించాడు.

అన్నం వేళకల్లా ఒకడు తగిలాడు. ఓడలో వాయించే సంగీతం మనిషినన్నాడు. ఇరవయ్యేళ్ల అనుభవమన్నాడు. వెల ఎంతో చూసి, అంతకే తీసుకుంటానన్నాడు. గళ్ల బొమ్మ పంపలేదు. నంబరు అడగలేదు. ఖాతా వివరం తీసుకుని, మర్నాడే డబ్బు వేసేశానని బ్యాంకు కాగితంలాంటి బొమ్మ ఒకటి పంపాడు. వస్తువు బండెక్కగానే డబ్బు ఖాతాలో కనబడుతుందని దాని మీద రాసుంది. పొరపాటున కాస్త ఎక్కువ వేశాననీ, ఆ ఎక్కువ మొత్తం వచ్చే బండివాడి చేతికి నగదుగా ఇచ్చేస్తే తన మనిషికి అందుతుందనీ కూడా చెప్పాడు.

"ఎంత మర్యాదస్తుడో! పైసా బేరమాడలేదు" అని మురిసిపోయింది ఆమె. కాళ్లు నేల మీద ఆనలేదు. మిషన్ల కొట్టుకి వెళ్లి, మంచిదొకటి చూసి, ఎవరికీ అమ్మొద్దని మాట తీసుకుని మరీ వచ్చింది. బండివాడికి ఇవ్వడానికి గల్లాపెట్టెలో ఉన్నదంతా ఊడ్చి కవర్లో పెట్టింది. పిండి కొనడానికి దాచిన డబ్బు కూడా అందులోనే ఉంది.

మర్నాడు ఎదుటి బ్యాంకు తెరిచే వేళకి, రెండో వాయి రొట్టెలప్పుడు బండి వచ్చింది. కొట్టు ముందు వరసలో జనం ఉన్నారు. అందరికంటే ముందు పక్కకొట్టు సెలూన్ బాబాయ్. బండివాడు దిగి, "పెట్టె ఒకటి ఉందంట కదా, కవరు కూడా ఇస్తారంట" అన్నాడు. అప్పుడే ఫోన్ మోగింది. ఓడ మనిషి. చేతులకి పిండి ఉందని ఆమె మోచేత్తో నొక్కి స్పీకర్ పెట్టింది.

"పెద్దాయనా, బండి వచ్చిందిగా? తొందరగా ఎక్కించెయ్యండి."

ఊఁ మామ పెట్టె ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చాడు. అక్కడ ఆగాడు. పెట్టె దించి కింద పెట్టాడు.

"మా బ్యాండులో ఒక పద్ధతుండేది బాబూ. వాద్యం చేతులు మారేముందు, తీసుకునేవాడు ఇచ్చేవాడి ఎదురుగా ఒక పాట వాయించాలి. వాయించి తీసుకెళ్లాలి. అది కాకుండా పెట్టె గుమ్మం దాటదు."

వరసలో వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆయన నోట ఒక్కసారే అన్ని మాటలు రావడం ఎవరూ ఎరగరు.

"నేను సముద్రం మీద ఉన్నాను కదండీ, ఎలా వాయించను?" అని నవ్వాడు వాడు.

ఆ నవ్వు దగ్గరే ఊఁ మామకి ఏదో తేడా కొట్టింది. వాద్యం కొనేవాడు రాలేకపోతే రాలేకపోవచ్చు. కానీ ఇన్ని మాటల్లో ఒక్కసారైనా ఏ మెట్టైనా పట్టేస్తోందా అని అడగలేదు. తిత్తి చిరిగిందా అని అడగలేదు. వరద వచ్చిన ఊరని తెలిసి కూడా, తడిసిందా అని అడగలేదు. అడిగిందల్లా బండి వచ్చిందా అని, కవరు సిద్ధంగా ఉందా అని.

ఆయన భార్య వైపు చూసి, గడ్డంతో ఎదురుగా ఉన్న బ్యాంకు చూపించాడు. ఆమె నోరు తెరవబోయి, ఆయన మొహం చూసి మూసుకుంది. చేతులు కొంగుకి తుడుచుకుని, పాస్ పుస్తకం తీసుకుని రోడ్డు దాటింది.

"అయితే నేను వాయిస్తాను. విని చెప్పు" అన్నాడు ఆయన ఫోన్‌తో.

"అబ్బే, నాకు టైము లేదండీ..."

"ఇరవయ్యేళ్లు వాయించినవాడివి. ఒక్క పాట."

ఫోన్ బల్ల మీద పెట్టి, పట్టీలు భుజాలకి తగిలించుకున్నాడు. తిత్తి తెరిచాడు. పార్కులో వాయించిన పాత పాట అది. మొదట వేళ్లు మొరాయించాయి, తర్వాత దారిలో పడ్డాయి. రొట్టెలు పట్టుకున్నవాళ్లు వెళ్లకుండా నిలబడ్డారు. రోడ్డవతల బ్యాంకు మెట్ల మీద ఆమె ఒక్క క్షణం ఆగి, వెనక్కి చూసి, గబగబా లోపలికి వెళ్లింది.

"ఎలా ఉంది?"

"అద్భుతం పెద్దాయనా, అద్భుతం! ఇక ఎక్కించండి."

"ఊఁ. ఇంకోటి ఉంది. ఇది కష్టమైన పాట."

ఈసారి ఊఁ మామ వేళ్లతో వాయించలేదు. ఎడమ మోచెయ్యి ఒకచోట, కుడి అరచెయ్యి ఒకచోట పెట్టి బల్ల మీద పిండి కొట్టినట్టు కొట్టాడు. రేకుల గోదాము మీద రాళ్లవాన కురిసినట్టుంది. బెంచీ కింద పడుకున్న కుక్క లేచి ఒకటే పరుగు. బండివాడు చెవులు మూసుకున్నాడు. సెలూన్ బాబాయ్ నోట్లో రొట్టె ముక్క నోట్లోనే ఉండిపోయింది.

"ఇది ఎలా ఉంది?"

"దీని ముందు అదెంతండీ! ఏం శ్రుతి, ఏం శ్రుతి! మా ఓడలో ఇలాంటివే అడుగుతారు."

వీధి వీధంతా గొల్లుమంది. వాడికి ఇంకా అర్థం కాలేదు. జనానికి కూడా నచ్చినట్టుంది చూశారా అన్నాడు.

అంతలో ఆమె రోడ్డవతలినుంచే కేకేసుకుంటూ వచ్చింది. "ఒక్క పైసా రాలేదంటయ్యా! రావడానికి దారిలో కూడా ఏమీ లేదంట! బండెక్కితే కనబడే డబ్బు ఏ బ్యాంకులోనూ ఉండదని కౌంటరులో అమ్మాయి నవ్వుతోంది!" వస్తూనే బల్ల మీది కవరు తీసి రవికలో దోపుకుని, ఫోన్ అందుకుంది.

"ఏం నాయనా, ఓడ ఎక్కడిదాకా వచ్చింది?"

"చూడమ్మా, డబ్బు తీసుకుని వస్తువు ఇవ్వట్లేదని పోలీసులకి చెప్తాను. జైలుకి పోతారు మీరు."

"చెప్పు నాయనా చెప్పు. స్టేషను మా పక్క సందులోనే. వాళ్లు పొద్దున్నే తినే రొట్టె నా చేత్తో పిసికిందే. నువ్వు కూడా వస్తే నీకూ ఒకటి పెడతాను, తింటూ రాయిద్దువు గాని. ఇంకో మాట. పట్టేసిన నా భుజం కోసం కొనే మిషను డబ్బు మీద కన్నేశావు చూడు, ఆ చెయ్యి లేవదు కానీ రెండోది బ్రహ్మాండంగా లేస్తుంది. ఒక్కసారి ఎదురుగా కనబడు!"

అవతల ఏదో గొణుగుడు. ఆ తర్వాత ఫోన్ కట్టయింది.

"ఓడ మునిగినట్టుంది" అన్నాడు సెలూన్ బాబాయ్.

అందరూ పొట్టలు పట్టుకున్నారు. నవ్వనిది బండివాడు ఒక్కడే. "మరి నా కిరాయి సంగతేంటమ్మా? ఆ కవర్లోంచి తీసుకోమన్నాడు. మిగతా డబ్బూ, ఆ పెట్టెనూ బస్టాండులో ఒకడికి అందించమన్నాడు."

"ఓరి నీ అమాయకత్వం కూలా! నీకూ టోపీ పెట్టాడా?" అని ఆమె వాడి చేతిలో వేడి రొట్టె పెట్టి, రెక్క పట్టుకుని స్టేషనుకి తీసుకెళ్లింది.

ఆ పూట బండి బస్టాండుకి వెళ్లింది. అకార్డియన్‌తో కాదు, మాడిపోయిన రొట్టెలు నింపి తాడు కట్టిన అట్టపెట్టెతో. వెనకాలే మామూలు బట్టల్లో ఇద్దరు పోలీసులు. ఒకడు వచ్చి పెట్టెకి చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి చాపినట్టే దొరికిపోయింది. వాడి గదిలో ఇలాగే ఊళ్లో వాళ్ల దగ్గర లాక్కున్న కుట్టు మిషను, కెమెరా, రెండు గిటార్లు బయటపడ్డాయి. వాడి నోట్లోంచి ఓడ మనిషి చిరునామా కూడా కక్కించారు. ఆ ఓడ మనిషి సముద్రం ఎలా ఉంటుందో కూడా చూసినవాడు కాదట.

రెండు రోజులకి ఇంకొకరు ఫోన్ చేశారు. పార్కుల్లో, పెళ్లిళ్లలో వాయించే బృందం ఒకటి నడిపే ఆవిడ. ఎన్నేళ్లది, రీడ్లు మార్చారా, ఎడమవైపు మీటలన్నీ లేస్తున్నాయా, తడి వాసన వస్తోందా, ఎండలో పెట్టారా. అడిగి అడిగి చంపింది.

"ఏంటయ్యా ఈవిడ, పిల్లనిచ్చేవాళ్లు కూడా ఇన్ని అడగరు!" అంది బేకరీ ఆమె ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి.

ఆయన మొహం విచ్చుకుంది. "ఇది కొనే మనిషి. రమ్మను."

ఆవిడ సాయంత్రం దాకా కూడా ఆగలేదు. వచ్చింది, మంచినీళ్లు కూడా తాగకుండా పట్టీలు తగిలించుకుంది. ఆ పద్ధతి సంగతి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆవిడ కళ్లు మూసుకుని వాయిస్తుంటే అకార్డియన్ ఇన్నేళ్లూ బీరువా మీద నిద్రపోయి లేచినట్టుంది. సగంలో ఆపి, తిత్తి దగ్గర చెవి పెట్టింది.

"కింది మూల గాలి పోతోంది బాబాయ్. అతుకు వెయ్యాలి. కాస్త తగ్గించాలి మరి."

"తగ్గించడమా? మంచి తోలమ్మా అది!" అని భార్య అందుకుంది. ఇద్దరూ అరగంట వాదించుకున్నారు. ఊఁ మామ స్టూలు మీద కూర్చుని ఆ బేరం పాట విన్నట్టు విన్నాడు. చివరికి కాస్త తగ్గింది.

ఆవిడ ఫోన్లో డబ్బు పంపి, చూడండి వెళ్లిపోయింది అని చూపించబోయింది. ఆయన ఆ ఫోన్ వైపు చూడలేదు. "బ్యాంకుకి వెళ్దాం పదమ్మా" అన్నాడు.

"అంతేగా మరి. నాదైనా నేనూ అంతే చేస్తాను" అంది ఆవిడ.

కౌంటరు అమ్మాయి పుస్తకం మిషన్లో పెట్టి తీసి, "వచ్చేసింది మామా!" అని గట్టిగా అంది. బ్యాంకులో ఉన్నవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. అప్పటికి ఆ కథ తెలియనివాళ్లు ఊళ్లో లేరు.

తిరిగి వచ్చాక ఆవిడ, "చివరిసారి మీరొకటి వాయించండి బాబాయ్" అంది.

"ఊఁ."

"వద్దంటున్నాడు తల్లీ. నువ్వే వాయించుకుంటూ వెళ్లు, అది చాలు" అంది భార్య. ఆవిడ నిజంగానే వాయించుకుంటూ వెళ్లింది. మలుపు తిరిగేదాకా వినబడింది. ఆయన అంతవరకూ గుమ్మంలోనే నిలబడ్డాడు. భార్య పక్కన నిలబడి ఆయన చెయ్యి పట్టుకుంది.

చీకటి పడకముందే కొత్త మిషను వచ్చింది. తెచ్చింది ఆ బండివాడే. ఈసారి కిరాయి ముందే చేతిలో పడింది. మిషను దింపి, వైరు తగిలించి, సెలూన్ బాబాయ్ ఖాళీ మిషన్నే తిప్పి చూపిస్తే ఆమె చిన్నపిల్లలా నవ్వింది.

మర్నాడు పొద్దున ఊఁ మామ ఆమెకంటే ముందు లేచాడు. దుప్పటి ఆమె భుజం మీదికి లాగాడు. పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టు మిషన్లో పోసి, ఆ చప్పుడు లోపలికి రాకుండా మధ్య తలుపు దగ్గరగా వేశాడు. స్విచ్చి నొక్కాడు. పిండి ముద్ద కట్టడం మొదలయ్యాక, వెళ్లి బట్టీ వెలిగించాడు.