పది గోల్సు కొట్టిన గోల్‌కీపర్

వడమాలపేట అమల భారత మహిళల ఫుట్‌బాల్ జట్టులో మూడో గోల్‌కీపర్. విదేశంలో ఆసియా పోటీలు మొదలై ఇరవై రోజులైనా ఆమె దినచర్య మారలేదు. పొద్దున సాధన, మధ్యాహ్నం ఉప్పూకారం లేని కోడికూర, సాయంత్రం బెంచీ.

ఒకరోజు వాళ్లమ్మ సుబ్బులమ్మ ఫోన్ చేసింది. "బస్టాండు కాడ నీకు ఫ్లెక్సీ కట్టినారు. పది గోల్సు కొట్టినావంట గదా!"

"నేను గోల్సు ఆపేదాన్ని మా. అదీ ఇంకా మైదానంలోకే దిగలేదు."

"ఆ మాట బయట అనొద్దు. రేపు నాకు సన్మానముండాది."

అమలకు తల కొట్టేసినట్టయింది. ఫ్లెక్సీ కట్టించిన లీడరు రంగనాథానికి ఫోన్ చేసి, "ఆ పది గోల్సు అబద్ధం, తీసేయించన్నా" అని వేడుకుంది.

ఆయన నొచ్చుకున్నాడు. "పది సాల్లేదామ్మా? ముందే చెప్పింటే ఇరవై ఏయించేవాణ్ణి గదా!"

మర్నాడు సుబ్బులమ్మ సన్మానం ఇరవై గోల్సుల ఫ్లెక్సీ కిందే జరిగింది.