వంద మిల్లీ ఆంపియర్లు

“ఆ తీగల సంత తీసెయ్యమ్మా, కంచాలు పెట్టుకోవాలి” అంది అత్తయ్య.

పదకొండు కూడా కాలేదు. భోజనాలకి ఇంకా రెండు గంటల టైముంది. అయినా మా ఇంట్లో ఆ బల్ల మీద హక్కు కంచాలదే. నా మీటరూ, సోల్డరింగు ఐరనూ, వోల్టేజి పెంచీ తగ్గించే సప్లై పెట్టె, అన్నీ ఆ బల్లకి చుట్టాలు, పొమ్మన్నప్పుడు పోవాలి. “పావుగంట ఆగండత్తయ్యా” అన్నాను, మీటరు మీంచి కళ్ళు తీయకుండా.

మీటరు వంద చూపించాలి. మొదట చూపించింది కూడా. ఇప్పుడు తొంభై రెండుకి దిగింది, ఇంకా దిగుతోంది.

కరెంటు పోయినప్పుడు మెట్ల దగ్గర వెలిగే బోర్డు ఉంటుందే, బయటికి దారి చూపించేది, దాని లోపలి సర్క్యూట్ ఇది. బ్యాటరీ నిండుగా ఉంటే పద్నాలుగు వోల్టులు, అడుగంటితే పది. ట్యాంకులో నీళ్ళు ఎన్నున్నా కొళాయి ధార ఒకేలా రావాలన్నట్టు, ఈ రెండింటి మధ్యా ఎక్కడున్నా దీపాలకి వంద మిల్లీ ఆంపియర్లే వెళ్ళాలి. దానికి రెండు ట్రాన్సిస్టర్లు చాలు. పెద్దది కరెంటు మోస్తుంది. చిన్నది కాపలా కాస్తుంది, కరెంటు కాస్త ఎక్కువైందంటే పెద్దదాని నోరు నొక్కేస్తుంది. మూడు రూపాయల సరుకు. కానీ కుదరడానికి నాకు మూడు వారాలు పట్టింది.

పొద్దున మా ఆయన బూట్లు తొడుక్కుంటూ ఈ సర్క్యూట్ బోర్డుని బల్ల మీద పడేశారు. “కస్టమర్ వెనక్కి పంపేశాడు. వెలిగించిన కాసేపటికి వెలుతురు తగ్గిపోతోందట. నీ లెక్క ఎక్కడో తేడా కొట్టింది. పదకొండున్నరకి మీటింగు, ఈలోగా చూసి చెప్పు.”

నీ లెక్క! బాగా పనిచేసిన రోజున అది ‘మా డిజైన్’. కస్టమర్ తిప్పి పంపిన రోజున అది నీ లెక్క.

పెళ్ళికి ముందు ఇద్దరం అదే కంపెనీలో పక్కపక్క బల్లల మీద పనిచేసేవాళ్ళం. అప్పట్లో అడ్డం తిరిగిన సర్క్యూట్లన్నీ నా దగ్గరికే వచ్చేవి. పాప కడుపులో ఉన్నప్పుడు మానేశాను. పాపకి మూడో నెలలో ఆయనొక కాయితం తెచ్చి “ఊరికే సరదాగా చూడవోయ్” అన్నారు. ఆరేళ్ళలో అలాంటి సరదాలు పదకొండయ్యాయి. నేను పాప పాత నోటు పుస్తకాల వెనక పెన్సిలుతో గీస్తాను. ఆయన ఆఫీసులో కంప్యూటర్ మీద శుభ్రంగా గీయించి, కింద మూలనుండే గడిలో డిజైన్ చేసినవారు అన్నచోట తన పేరు రాసుకుంటారు. సొమ్మొకడిది, సోకొకడిది. ఆయన ఇప్పుడు చీఫ్ డిజైనర్.

పోయిన నెల వేరే కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్ళాను. “ఈ ఆరేళ్ళూ ఏం చేస్తున్నారమ్మా?” అని అడిగాడు అక్కడి పెద్దమనిషి. నిజం చెబితే మా ఆయన కుర్చీ కదులుతుంది. “ఇంట్లోనే ఉన్నానండీ” అన్నాను. అతను నా ఫైలు మూసేసి టీ తాగుతారా అని అడిగాడు. వచ్చేటప్పుడు బస్సులో ఏడుపొచ్చింది, నా మీద నాకే అసహ్యమేసింది.

“మొగుడు ఈల వేసుకుంటూ ఆఫీసుకి పోయాడు. కందకి లేని దురద కత్తిపీటకెందుకే?” అంది అత్తయ్య వంటింట్లోంచి. నవ్వొచ్చింది. అప్పటికే మూడుసార్లు లెక్క వేసి చూసుకున్నాను. తప్పు నాదేనేమో, ఇంటిపట్టునే ఉన్న ఇన్నేళ్ళలో బుర్ర మొద్దుబారిందేమో అని భయంగానే ఉంది.

పెద్ద ట్రాన్సిస్టర్ మీద వేలు పెడితే చురుక్కుమంది. అది మామూలే, మోసేది అదే కదా. చిన్నదాని మీద పెట్టాను. అదీ కాలింది. అది కాలకూడదు! బోర్డుని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాను. నేను అంచున, దూరంగా పెట్టిన చిన్న ట్రాన్సిస్టర్ పెద్దదానికి ఒరుసుకుని కూర్చుంది. వేడెక్కితే చిన్నది తొందరపడుతుంది, కరెంటు వందకి రాకుండానే ఎక్కువైపోయిందనుకుని నొక్కేస్తుంది. లెక్క తప్పలేదు. ఎవరో జరిపారు. ప్రాణం లేచొచ్చింది.

ఆయనకి ఫోన్ చేశాను. “చిన్నదాన్ని ఎవరు జరిపారండీ?”

“నేనే. అదెక్కడో మూలనుంటే బోర్డు చూడ్డానికి అసహ్యంగా ఉంది. అందులో ఏముంది?”

“దూరంగానే ఉండాలని కాయితం మీద రాశాను కదా.”

“నువ్వు ప్రతిదాని మీదా ఏదో ఒకటి రాస్తావ్. సర్లే, ఎందుకు దూరంగా ఉండాలో రెండు ముక్కల్లో చెప్పు, అందరూ వచ్చేశారు.” గొంతు తగ్గించారు. “డ్రాయింగు సెక్షన్లో ఆవిడ జరిపిందని చెప్పేస్తాలే. నా మీదికి రాదు.”

ఆవిడ నాకు తెలుసు. నేను కడుపుతో ఉన్నప్పుడు, మధ్యాహ్నం పూట కాళ్ళు చాపుకోవడానికి తన కుర్చీ నా బల్ల కిందికి తోసేది. ఇరవై ఏళ్ళుగా ఇచ్చింది ఇచ్చినట్టే గీసే మనిషి.

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. మనసు చాలా నిదానంగా అనిపించింది. సప్లై పెట్టె ఆపేశాను.

“ఫోను స్పీకర్లో పెట్టండి” అన్నాను.

“ఎందుకు?”

“కారణం నేనే చెప్తాను.”

“నీకేమన్నా పిచ్చా? ఇక్కడ ఎండీ ఉన్నాడు.”

“మంచిదే కదండీ. మీరు పెట్టకపోతే ఆఫీసు నంబరుకి చేస్తాను, అది నాకింకా నోటికొచ్చు.”

ఫోన్లో ఏదో బటన్ నొక్కిన చప్పుడైంది. తర్వాత కుర్చీల చప్పుడు పెద్దదైంది. ఎవరో గొంతు సవరించుకుని, “హలో, ఎవరండీ మాట్లాడేది?” అన్నారు.

“ఈ సర్క్యూట్ డిజైన్ చేసింది నేనండీ. దీనికి ముందు మీ చీఫ్ డిజైనర్ గారి పేరు మీద వచ్చిన పదీ కూడా నావే. కాయితాలన్నీ నా దగ్గరున్నాయి, రేపు పట్టుకొస్తాను. ముందు ఈ బోర్డు సంగతి చెప్తాను, రాసుకోండి.”