అస్తరులో ఫోను

మా తమ్ముడు మంచి దర్జీ. ఒకసారి వేసిన కుట్టు చచ్చినా విప్పడని వాడికి పేరు. ఆ పేరే నా కొంప ముంచింది.

కంటి ఆసుపత్రిలో రిసెప్షన్ ఉద్యోగానికి సోమవారం పది గంటలకు ఇంటర్వ్యూ. ఎనిమిది నెలలుగా పని లేక తమ్ముడింట్లో పడి తింటున్నదాన్ని. ఒక్క కోటు కుట్టిపెట్టమని పదిహేను రోజుల ముందే గుడ్డ ఇచ్చాను.

వాడు గుడ్డ కత్తిరించి ఫోను పట్టుకున్నాడు. చూసేదేమిటయ్యా అంటే, కాలం వృథా చేయకుండా పని చేయడమెలా అన్న వీడియోలు. రోజుకు నాలుగైదు గంటలు అవే. తెరకు రంగులు తీసేస్తే చూడబుద్ధి కాదని ఒకడు చెప్పాడు. నలుపు తెలుపులోనే చూశాడు. ఫోను తాళం తీయడానికే బోలెడు సమయం పోతోందని ఇంకొకడు చెబితే తాళమే తీసేశాడు. ఆదివారం సెలవు పోను, రోజూ కొట్టు తెరిచే పది గంటల నుంచి పావుగంటకోసారి నిలదీసే అలారం పెట్టాడు. "మీరు ఇప్పుడు ఏం పని చేస్తున్నారు?" అంటుంది. నొక్కేదాకా ఊరుకోదు.

"ఒరేయ్, దాన్ని ఎక్కడైనా పారేసి నా కోటు చూడరా," అన్నాను ఆదివారం పొద్దున.

మధ్యాహ్నానికి వాడి చేతిలో ఫోను లేదు. "కుట్టి పారేశానక్కా. విప్పితే గాని దొరకదు. నా కుట్టు నేను విప్పనని తెలుసుగా," అన్నాడు. ఏ సంచిలోనో వేసి కుట్టాడనుకున్నాను.

సోమవారం ఎనిమిదికల్లా కోటు ఇచ్చాడు.

"బరువుగా ఉందేమిట్రా?"

"మంచి గుడ్డక్కా."

డాక్టరమ్మ కాస్త ముందే పిలిచి నా కాగితాలు తిప్పుతుండగా పదయింది. నా నడుము దగ్గర్నుంచి, "మీరు ఇప్పుడు ఏం పని చేస్తున్నారు?" అని గట్టిగా వినిపించింది. తడిమితే కోటు లోపలి అస్తరు వెనక పలకలాంటిది తగిలింది. వెధవకి నా కోటే దొరికింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"కంగారు పడకండి. బయట ఆపి రండి. ఈలోగా ఇంకొకరిని చూస్తాను," అంది ఆవిడ.

మెట్ల చాటుకు వెళ్ళి కుట్టు పళ్ళతో కొరికాను. ఏం కుట్టురా నాయనా, దవడలు పట్టేశాయి. ఫోను లాగి నొక్కాను. తెర మీద తమ్ముడు సగంలో ఆపిన వీడియో: ఇంటర్వ్యూలో కంగారు పోవడానికి మూడు కిటుకులు. నా కోసమే వెతికినట్టున్నాడు. ఒక్క కిటుకు చూద్దామనుకున్నాను. మూడూ చూశాను. దాని కింద ఇంకొకటి ఉంది. మధ్యలో అలారం అడ్డమొస్తే విసుక్కుని నొక్కేశాను.

గుమస్తా మెట్లు దిగి వచ్చాడు. "ఇక్కడున్నారా? రెండుసార్లు పిలిచామండి. వెళ్ళిపోయారనుకుని ఆ రెండో ఆవిడకే ఖాయం చేసి, డాక్టరమ్మగారు ఆపరేషనుకి వెళ్ళిపోయారు."

తమ్ముణ్ణి తిట్టిపోద్దామంటే వాడి ఫోను నా చేతిలోనే ఉంది. పదిన్నరయింది.

"మీరు ఇప్పుడు ఏం పని చేస్తున్నారు?" అంది.