ఒపల్ నుదుటి మీద చుక్క

ఒపల్ ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొగుడు వెండెల్ బండి కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. కాళ్లు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. అందుకని ఆవిడ ఆ మాట కాళ్లతోనే చెప్పింది.

"విను. ఇంకొక్క చుక్క. ఏ నీళ్లని అడగను, ఎక్కణ్ణుంచి అని అడగను. నా నుదుటి మీద ఇంకొక్క చుక్క పడిందా, టూసాన్‌లో మా చెల్లెలింటికి పోతా. దాని ఇంటికి ఇటుక గోడలున్నాయి, పెంకుల కప్పుంది. మళ్లీ ఈ డొక్కులో కాలు పెట్టను."

కాళ్లు కదల్లేదు.

"వినబడిందా?"

ఎడమ బూటు తలూపింది.

అరిజోనా ఎడారిలో ఒక గులకరాళ్ల మైదానం. ఏటా చలికాలం రాగానే మంచు తప్పించుకోడానికి ఉత్తరాది ముసలివాళ్లందరూ బండ్లేసుకుని అక్కడికి దిగుతారు. రాజుగారి మేడల్లాంటి బండ్లున్నవాళ్లు రోడ్డు వైపు. వెండెల్ లాంటివాళ్లు ఎండిపోయిన వాగు పక్కన. వీళ్లవన్నీ ఒకే జాతి బండ్లు. అడుగున ఎప్పటిదో చిన్న ట్రక్కు, దాని వీపున పొయ్యీ సింకూ మరుగుదొడ్డీ ఉన్న ఒక గది, ఆ గదిలోంచి డ్రైవరు నెత్తి మీదికి చొచ్చుకొచ్చిన అటక పడక. మేక మీద పందిరిమంచం కట్టినట్టుంటుంది. ఇంజను మాత్రం మొండిఘటం. చావమంటే చావదు, పరిగెత్తమంటే పరిగెత్తదు. కొండెక్కుతుంటే వెనక తాబేళ్లు హారన్లు కొడతాయి.

ఇంజనుకి చావు లేదు గానీ పైనున్న ఇంటికి ఉంది. బయట పల్చటి రేకు, లోపల అగ్గిపుల్లల్లాంటి చెక్కలు. రేకు అతుకులో చీమ దూరే సందుంటే నీరు దూరుతుంది. నీరు దూరితే చెక్క అటుకుల ముద్దవుతుంది. అందుకే ఆ వాగు పక్కన ఒకరి బండిలోకి ఒకరు వెళ్తే ముందు చెయ్యి కలపరు. అటక పడక మూల బొటనవేలితో నొక్కి చూస్తారు. గట్టిగా తగిలితే చెయ్యి కలుపుతారు. మెత్తగా దిగితే టోపీ తీసి ఒక్క క్షణం మౌనంగా నిలబడతారు.

వెండెల్ నెబ్రాస్కాలో స్కూలు బస్సులు నడిపి రిటైరైన మనిషి. ఆయనకి తెలిసిన వైద్యం ఒక్కటే: లప్పం. గొట్టంలో వచ్చే తెల్ల లప్పం. చుక్క పడితే లప్పం, మబ్బు పడితే లప్పం, పక్కింటివాడు తుమ్మితే లప్పం. ఏళ్ల తరబడి పూత మీద పూత పడి బండి పైకప్పు పెళ్లి కేకులా తయారైంది. ఒకప్పుడు దర్జాగా దూరిన వంతెనల కింద ఇప్పుడు దూరదు. చుట్టు తిరిగి పోవాలి.

"ఒరే వెండెల్, అడుగున బండి ఇంకా ఉందంటావా?" అనేవాడు పక్క బండి హార్లన్. "నాకైతే అనుమానం. నువ్వు లప్పంలో కాపురం చేస్తున్నావు."

"నీ బండి కారదా?"

"కారదు."

"కారని బండ్లు రెండే రకాలురా. ఒకటి ఇంకా వాన చూడనిది, రెండోది అబద్ధాలకోరుది."

ఇంత లప్పం పెట్టినా చుక్క ఆగలేదు. పైగా దానికి కళ్లున్నట్టు తిన్నగా ఒపల్ నుదుటి మీదే పడేది. ఒపల్ తల ఇటు పెట్టుకుంటే ఇటు, అటు పెట్టుకుంటే అటు. గిన్నె పెట్టుకుని పడుకుంది, స్నానాల టోపీ పెట్టుకుని పడుకుంది, చివరికి గొడుగేసుకుని పడుకుంటే గొడుగు పుల్ల వెండెల్ ముక్కులోకి పోయింది. ఆవిడ ఓర్పు అక్కడితో ఆఖరు.

వెండెల్‌కి భయం పట్టుకుంది. ఆ అటక పడక ఎంత ఇరుకంటే ఒపల్ మోచెయ్యి రాత్రంతా ఆయన డొక్కలోనే ఉంటుంది. కాపురం మొదలైన దగ్గర్నుంచి ఆ మోచెయ్యి గుచ్చుకుంటే తప్ప ఆయనకి నిద్ర రాదు. ఓసారి చెల్లెలికి ఒంట్లో బాగోలేదని ఆవిడ వెళ్లినప్పుడు డొక్కలో పెనం కాడ పెట్టుకుని పడుకున్నాడు. కాడ చల్లగా ఉంది, కలలోకి పెనమొచ్చింది, నిద్ర మాత్రం రాలేదు. ఈసారి వెళ్తే తిరిగి రానంటోంది. పెనంతో మిగతా జీవితం ఎలా గడపడం?

సరిగ్గా అప్పుడే పడమటి కొండల మీదికి మబ్బొచ్చింది. మామూలు మబ్బు కాదు, ఎనుబోతు లాంటి మబ్బు. ఒపల్ దాన్ని చూసి, తన బట్టల పెట్టె దించి, దులిపి, తలుపు పక్కన పెట్టింది.

వెండెల్ వాగు పక్కనున్న వాళ్లందర్నీ కేకేశాడు. "సందు ఎక్కడుందో ఇవాళ తేలాలి. లేకపోతే నా కొంప మునిగినట్టే."

"మునగాలంటే నీళ్లు లోపల నిలవాలి, ముందు కారడం ఆగాలి కదా," అన్నాడు హార్లన్.

మావిస్ అనే ఆవిడ తన ఆకులు ఊదే మిషను తెచ్చింది. కనుచూపు మేరలో ఆకన్నది లేని ఎడారికి ఆ మిషను ఎందుకు మోసుకొచ్చావని ఎవరైనా అడిగితే, "అందుకేగా ఆకుల్లేనిది" అంటుంది. ఉపాయం కూడా ఆవిడదే. కిటికీలోంచి బండిలోకి గాలి ఊదాలి. మిగతా కిటికీలూ చిమ్నీలూ టేపుతో మూసెయ్యాలి. బయట సబ్బునీళ్లు పుయ్యాలి. గాలి ఎక్కడ తన్నుకొస్తే అక్కడ బుడగ లేస్తుంది. అదే సందు. సైకిలు ట్యూబు పంక్చరు చూసినట్టే, కాకపోతే ఇందులో మరుగుదొడ్డి కూడా ఉంటుంది.

మిషను రుయ్యిమంది. సబ్బునీళ్లు పూశారు.

బుడగ ఒకచోట లేస్తే కదా! అతుకుల్లోంచి లేచాయి, తాళం బెజ్జంలోంచి లేచాయి, నంబరు ప్లేటు మేకుల్లోంచి లేచాయి. ఎడమ బ్రేకు లైట్లోంచి గుమ్మడికాయంత బుడగొస్తే, మావిస్ కుక్క దాని వెంటపడి వాగు దాటింది. బండి మొత్తం పెళ్లిలో బూరెల మూకుడులా ఉడుకుతోంది.

"ఒపల్ బంగారం," అంది మావిస్, "మీరు ఇన్నాళ్లూ జల్లెడలో పడుకున్నారే తల్లీ."

ఒపల్ మడతకుర్చీలో కూచుని మేజోడు అల్లుతోంది. "నేను కొత్తగా తెలుసుకుంటున్నది ఏముంది దాంట్లో?" అంది.

వెండెల్ లప్పం గొట్టం పట్టుకుని బుడగ బుడగకీ పరిగెత్తాడు. లేచిన బుడగ మీద లేచినట్టే లప్పం కుక్కాడు. కిటికీల చుట్టూ పెట్టాడు, కిటికీల మీదే పెట్టాడు. పైకప్పు మీద గాలికోసం ఒక మూత ఉండాలి, అది ఎక్కడుందో ఎన్నేళ్లనుంచో ఎవరికీ తెలీదు, దాని మీద కూడా మళ్లీ పెట్టాడు. సందులు పూడుతున్నకొద్దీ లోపల గాలికి దారి లేక బండి పూరీలా పొంగడం మొదలెట్టింది. పక్క రేకులు ఉబ్బాయి. టైర్లు తేలికపడ్డాయి. చివరి సందు పూడ్చేసరికి ముందు చక్రాలు నేల మీంచి కోడి దూరేంత ఎత్తు లేచాయి. నమ్మనివాళ్లకి చెప్పేదేం లేదు, హార్లన్ తాడు తెచ్చి బంపరుకి కట్టి, కింద బండరాయికి ముడేశాడు. ఆ రాయి మీద తాడు ఒరుసుకున్న గుర్తు ఇప్పటికీ ఉంది.

మిషను ఆపారు. బండి మెల్లగా దిగింది. సబ్బునీళ్లు మళ్లీ పూసి మిషను కొంచెంగా తిప్పారు. ఒక్క బుడగ లేదు. వెండెల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటి మీద కూడా లప్పం పెట్టేవాడే గానీ గొట్టం అయిపోయింది.

సాయంత్రానికి వాన దిగింది. ఎడారి వాన, తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ కొడుతుంది. ఒపల్ పొయ్యి మీద చిక్కుడు గింజల పులుసు పెట్టింది, ఉల్లిపాయలూ ఎండుమిరపకాయలూ దండిగా వేసి. సాక్ష్యానికి హార్లన్‌నీ మావిస్‌నీ లోపలికి పిలిచాడు వెండెల్. తలుపు మూస్తే సీసాకి బిరడా పెట్టినట్టు శబ్దమొచ్చి అందరి చెవులూ దిబ్బడేశాయి. మరుగుదొడ్డి మూత దానంతటది ఎగిరి పడింది.

హార్లన్ అటక పడక మూల బొటనవేలితో నొక్కాడు. రాయి. చెయ్యి కలిపాడు.

పైన వాన డోలు వాయిస్తోంది. లోపల అందరూ తలలెత్తి కప్పు చూస్తున్నారు. చుక్క లేదు. సంగతి తెలిసి వాగు పక్కనున్న మిగతావాళ్లు కూడా వచ్చారు. కారని బండిని బతికుండగా ఒక్కసారి చూసి పోదామని తడి కోట్లతోనే ఎక్కారు. పొయ్యి దగ్గర కొందరు, సింకులో ఒకరు, మరుగుదొడ్డిలో తలుపు తెరుచుకుని ఇద్దరు. మావిస్ కుక్క నాలుక చాచి రొప్పుతోంది. ఒకవైపు పులుసు ఉడుకుతోంది, ఇంకోవైపు కాఫీ మరుగుతోంది. ఎవరో పాటెత్తుకున్నారు, అందరూ గొంతు కలిపారు. మొక్కజొన్న రొట్టె చేతులు మారుతోంది.

"చూశావా ఒపల్?" అన్నాడు వెండెల్, ఛాతీ విరిచి. "ఇటుకలట, పెంకులట! ఇక ఆ పెట్టె పైన పెట్టెయ్."

ఒపల్ నవ్వింది. చాలా రోజులకి నవ్వింది. పులుసు కలుపుతున్న గరిటె పక్కన పెట్టి, పెట్టె ఎత్తడానికి వంగి, తల పైకెత్తింది.

టప్.

నుదుటి మధ్య. బొట్టు పెట్టినట్టు.

పాట ఆగిపోయింది. మరుగుదొడ్డిలో వాళ్లు కూడా టోపీలు తీశారు.

వెండెల్ ఒక్క గంతులో బయటికి దూకి, నిచ్చెనెక్కి, లాంతరు పట్టుకుని కప్పంతా వెతికాడు. అప్పుడు చూసుకున్నాడు, తన మీద వాన పడటం లేదు. ఆకాశంలో చుక్కలు మెరుస్తున్నాయి. వాన వెలిసి చాలాసేపయింది. నేల కూడా తాగేసింది. కానీ కింద బండిలోంచి మాత్రం "గొడుగివ్వండి! గొడుగివ్వండి!" అని కేకలు.

ఊరంతా పొడి, బండిలో వాన. కప్పు నిండా ముత్యాలు వేలాడుతున్నాయి. ఒక్కొక్కటే రాలుతున్నాయి. జనం తడిసి బయటికొచ్చి ఆరుతున్నారు. బయటినుంచి లోపలికెళ్లే వాళ్లు కోటు బొత్తాలు పెట్టుకుని వెళ్తున్నారు.

"ఇదేం మాయరా?" అన్నాడు హార్లన్. "దేవుడు నీ బండికి వేరే మబ్బు కేటాయించాడా?"

ఒపల్ నుదుటి మీది తడి వేలితో తుడిచి, ఆ వేలు నాలుకకి రాసుకుంది. కళ్లు మూసుకుని చప్పరించింది.

"ఇది వాన కాదు. ఉల్లిపాయ ఉంది. మిరపకాయ ఉంది. ఇది నా పులుసు." ఇంకోసారి చప్పరించింది. "కొంచెం కాఫీ కూడా ఉంది. మిగతాది కుక్క."

అప్పుడు అందరికీ వెలిగింది. ఇంతమంది ఊపిరి, పులుసు ఆవిరి, తడికోట్ల చెమ్మ, బయటికి పోవడానికి సూది బెజ్జమంత దారి లేక కప్పుకెక్కి, చల్లబడి, వానై దిగింది. బయటి నీరు లోపలికి రాకుండా కాసిన మనిషి లోపలి నీరు బయటికి పోకుండా కాశాడు. ఇల్లు అలకగానే పండగ కాదన్నారు. వెండెల్ పండగని కూడా కలిపి అలికేశాడు.

"అయితే ఇది కారడం కాదు!" అన్నాడు వెండెల్ ఆశగా. "కప్పు కారలేదు ఒపల్! ఇది లెక్కలోకి రాదు!"

"ఏ నీళ్లని అడగనన్నాను. ఎక్కణ్ణుంచి అని అడగనన్నాను. నీ బూటుని అడుగు, అది విని తలూపింది."

పెట్టె తీసుకుని మెట్టు దిగింది.

"ఏం చెయ్యమంటావు? చెప్పు, ఏదైనా చేస్తా."

"బెజ్జం వెయ్యి."

"బెజ్జమా?"

"కప్పుకి. ఊపిరాడటానికి. వేస్తే ఉంటా."

వాగు పక్కన ఇంతటి ఘోరమైన మాట ఎవరూ ఎవరితోనూ అనలేదు. హార్లన్ మొహం తిప్పుకున్నాడు. మావిస్ తన కుక్క చెవులు మూసింది. వెండెల్ చేత్తో తిప్పే బర్మా తీసుకుని నిచ్చెనెక్కాడు. ఏళ్లుగా బెజ్జాలు పూడ్చిన చెయ్యి, వెయ్యమంటే బర్మాని తలకిందులుగా పట్టుకుంది.

"చుట్టూ కొంచెం లప్పం..." అన్నాడు పైనుంచి.

"వెండెల్!"

"సరే, సరే."

ఎక్కడ వెయ్యాలి? కప్పు మీద బోర్లా పడుకుని, కింద పడక ఎక్కడుంటుందో జానలతో కొలుచుకున్నాడు. ఇది ఒపల్ దిండు. దాని పక్కన ఇది తన దిండు. ఒపల్ దిండు మీద గుర్తు పెట్టబోయిన సుద్దముక్క అక్కడే ఆగి, పక్కకి జరిగింది.

బర్మా తిరిగింది. లప్పం పొరలు పొరలుగా ఊడొచ్చింది, చెట్టు వలయాల్లా. మధ్యలో ఏదో గీరుకుంది. లాగితే ఎప్పుడో పోయిన హార్లన్ కళ్లజోడు.

"ఇన్నాళ్లూ కుక్కని తిట్టానురా!" అని కింద హార్లన్ వాపోయాడు. మావిస్ కుక్క చూసిన చూపు హార్లన్ జన్మలో మరిచిపోడు.

ఇంకా తవ్వితే రేకొచ్చింది. రేకు కింద చెక్క. ఆ తర్వాత బర్మా ఖాళీలోకి జారింది. బండి లోపల్నించి పొడుగ్గా ఒక నిట్టూర్పు వినబడింది. పులుసు వాసన బెజ్జంలోంచి సన్నగా పైకెక్కి ఎడారి మీద పరుచుకుంది. దూరంగా రోడ్డు వైపు పెద్ద బండ్లవాళ్లు తలుపులు తీసి, ఎక్కడ వండుతున్నారో అని గాలి పీల్చారు.

ఒపల్ పెట్టె లోపల పెట్టింది.

ఆ చలికాలం అలాగే గడిచింది. ఒపల్ నుదురు పొడిగా ఉంది. వాగు పక్కన ఒక్కొక్కరే రహస్యంగా వచ్చి, బెజ్జం ఎక్కడ వెయ్యాలో వెండెల్‌ని అడిగి పోయారు. ఆయన పెద్దమనిషిలా గడ్డం నిమురుకుని, "ముందు పెళ్లాం తల ఎటు పెట్టుకుంటుందో చూసి రా" అని పంపేవాడు.

చలికాలం చివర్లో ఓ తెల్లవారుజామున మళ్లీ వాన పట్టుకుంది. వెండెల్ మెలకువగా ఉన్నాడు. కప్పు మీద డోలు మొదలైంది. ఊపిరి బిగబట్టి ఎదురుచూశాడు.

టప్.

సరిగ్గా ఆయన నుదుటి మధ్య. వెండెల్ తుడుచుకోలేదు. అది రూపాయి బిళ్లంత తడి కాదు, పతకం అన్నట్టు నవ్వుకున్నాడు. ఇంకోటి పడింది. ఇంకోటి ముక్కు మీద పడితే తుమ్మొచ్చింది.

పక్కన ఒపల్ కదిలింది. కళ్లు తెరవకుండానే మోచెయ్యి ఆయన డొక్కలోకి దించింది.

"ఇటు జరుగు, ముసలోడా," అంది. "తడిసి చస్తావు."

"జాగా ఎక్కడుందే?"

"లేదు. అయినా జరుగు."

జరిగాడు. ఖాళీ అయిన దిండు మీద చుక్క పడుతూనే ఉంది.