వెళ్లొస్తా చెక్క

నేను ఒక చెక్క ముక్కను. జానెడు పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు. మొహం మీద ఎర్ర గోళ్లరంగుతో 'వెళ్లొస్తా' అని రాసి ఉంటుంది. నెత్తిన చిల్లు, ఆ చిల్లులో పురికొస. చూసినవాళ్లు పొయ్యిలో పెట్టాల్సిన పుల్ల అనుకుంటారు. అనుకోనివ్వండి. తూములపాళెం ప్రాథమిక పాఠశాలలో నన్ను చేతబట్టుకోకుండా పాఠం మధ్యలో ఒక్క ప్రాణీ గడప దాటలేని రోజులు ఉండేవి.

పుట్టింది ఆ బడి వరండాలోనే. వడ్రంగి బ్రహ్మయ్య ఆచారి పిల్లలకు బల్లలు చేస్తూ, ఒక కాలు పొడుగైందని కోసి పారేసిన ముక్కను నేను. అంటే పుట్టుకతోనే ఎక్కువైనదాన్ని. ఆ వెంటనే ఒక కుంటి కుర్చీ కిందకు నన్ను తోశారు. ఆ కుర్చీలో కూర్చునే సుగుణ టీచర్ గారు ఐదు తరగతులకూ ఒక్కరే పాఠాలు చెప్పేవారు. ఒకటో తరగతికి అక్షరాలు, ఐదో తరగతికి భాగహారాలు, మధ్యలో కిటికీలోంచి వంటమనిషికి సాంబారులో ఉప్పు సంగతి. ఆ బరువంతా మూడేళ్లు మోశాను. నన్ను పలకరించిన పాపాన ఎవరూ పోలేదు.

ఆ రోజుల్లో బయటికి వెళ్లాలంటే లేచి నిలబడి, చిటికెనవేలు చూపించి అందరిముందూ అరవాలి.

"టీచర్, ఒంటికి!"

"ఇప్పుడే గదరా పొయ్యొచ్చింది?"

"అది మంచినీళ్లకి టీచర్!"

తరగతంతా ఇకఇకలు. ముప్పైమందికి ఇది వినోదం. రెండో తరగతి కామాక్షికి మాత్రం ప్రాణసంకటం.

ఇంట్లో ఈ పిల్ల వాగుడికి చెవులు చిల్లులు పడుతున్నాయని వాళ్లమ్మ చెప్పేది. బడి గడప తొక్కగానే నోటికి తాళం పడేది. హాజరు పిలిచినా చెయ్యెత్తడమే తప్ప పలుకు లేదు. ఒక వానాకాలపు మధ్యాహ్నం, అడగలేక అడగలేక, కూర్చున్న బల్ల మీదే పని జరిగిపోయింది. నాలుగో తరగతి పెంచలయ్య అక్కడికక్కడే 'కాలవ' అని పేరు పెట్టేశాడు. కామాక్షి మూడు రోజులు బడికి రాలేదు. వచ్చాక, అన్నం దగ్గర నీళ్లు తాగడం మానేసింది.

టీచర్ గారు నాలుగు రోజులు ఆ నిండు గ్లాసును చూశారు. ఐదో రోజు సాయంత్రం నన్ను కుర్చీ కిందనుంచి లాగి, కడిగి, చిల్లు పొడిపించి, తన గోళ్లరంగుతో నా మొహం మీద రాశారు. కుర్చీకి నా బదులు ఇటుక పెట్టారు. మర్నాడు నన్ను తన కుర్చీ వెనక గోడ మేకుకు తగిలించి పిల్లలకు చెప్పారు.

"ఇంక ఎవరూ నన్ను అడగొద్దు. చెక్క మేకుకి ఉంటే తీసుకోండి, పోండి, తెచ్చి తగిలించండి. చెక్క లేదంటే ఎవరో పొయ్యుండారని. వాళ్లొచ్చిందాకా ఆగాల. అర్థమైందా?"

అందరూ చూచిరాత రాస్తున్న సమయంలో కామాక్షి పిల్లిలా వచ్చి నన్ను తీసుకుంది. అరచేయి చెమటతో తడిసిపోయి ఉంది. తిరిగి తెచ్చి తగిలించేటప్పుడు ఎవరూ తలెత్తి చూడలేదు. ఆ మధ్యాహ్నం రెండు గ్లాసుల నీళ్లు గటగటా తాగింది. నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. సింహాసనంలో బిగించిన చెక్కకైనా అంత ఆనందం ఉంటుందా అని నా అనుమానం.

మిగతావాళ్ల సంగతి వేరు. మనుషుల శరీరాల గురించి నేను తెలుసుకున్నదేమిటంటే, ఏడో ఎక్కం అప్పజెప్పమనగానే ఎనిమిది మందికి ఒకేసారి అవసరం ముంచుకొస్తుంది. గుడ్డు పెట్టే రోజు మాత్రం ఎవరికీ రాదు. పెంచలయ్య నన్ను పట్టుకెళ్లి ఐసు బండి చూసొచ్చేవాడు, ఈనిన గేదెను చూసొచ్చేవాడు, ఒకసారి నాతో బంతి కూడా కొట్టాడు. శనివారం శనివారం నాకు సబ్బుతో స్నానం. మిగిలిన ఐదు రోజులు నేను ఎన్ని చేతులు మారానో చెప్పకపోవడమే మర్యాద.

ఇలా ఉండగా ఒకనాడు, మధ్యాహ్న భోజనం అయీ అవగానే, మండల విద్యాధికారి గారు తనిఖీకి వచ్చారు. పిల్లలెవరూ నోరు మెదపకూడదని పొద్దుటినుంచి టీచర్ గారు పదిసార్లు చెప్పి ఉన్నారు. సారు కుర్చీలో కూర్చోగానే కరెంటు పోయింది. టీచర్ గారు బీరువాలో తల దూర్చి రిజిస్టర్లు వెతకసాగారు. సారుకు వీపు దురద పెట్టింది. చేయి వెనక్కి పెట్టి తడిమితే నేను తగిలాను. మేకునుంచి లాగి, చొక్కా కాలరులోంచి దూర్చి, హాయిగా గోక్కున్నారు. తర్వాత నాతో గడ్డం రుద్దుకున్నారు. ఆ తర్వాత నన్ను బోర్లా పట్టుకుని, బల్ల మీద తాళం వేస్తూ ఉపన్యాసం మొదలుపెట్టారు.

పిల్లల్లో గుసగుసలు.

"సార్ కూడా పోవాలేమోరా."

"మరి పోడేంది?"

"సిగ్గేమో."

చెక్క సారు చేతిలో ఉంది, సారు కదలరు, కాబట్టి ఇంకెవరూ కదలడానికి లేదు. నియమం నియమమే. అరగంట గడిచింది. టీచర్ గారి తల ఇంకా బీరువాలోనే ఉంది. మొదటి వరసలో కామాక్షి కాలు మీద కాలు వేసింది, తీసింది, మళ్లీ వేసింది. గౌను అంచు పిడికిట్లో నలిగిపోతోంది. కడుపులో రెండు గ్లాసుల నీళ్లు. కళ్లు మాత్రం నామీదే. నేను జారి కింద పడదామని ఎంత చూశానో! సారుది ఉడుంపట్టు. ఇంకాసేపైతే ఆ పిల్ల మళ్లీ 'కాలవ' అవుతుంది, ఈసారి మూడు రోజులు కాదు, అసలు బడికే రాదు. నాకు ఏడుపొచ్చింది. చెక్కకు కన్నీళ్లు రావు కాబట్టి సరిపోయింది.

"పిల్లలు నిర్భయంగా మాట్లాడాలి," అంటున్నారు సారు. "ఎవరికైనా ఏమైనా అడగాలనుంటే లేచి అడగండి. భయమెందుకు?"

కామాక్షి లేచింది.

"సార్."

బీరువా దగ్గర టీచర్ గారి చేతిలోంచి రిజిస్టరు జారి కింద పడింది.

"సార్, మీరు పోతారా పోరా? పోకపోతే నాకియ్యండి. నేను పొయ్యొస్తా."

"యాడికమ్మా?"

"ఒంటికి. మీ చేతిలో ఉండేది దానికే!"

సారు నన్ను తిప్పి చదివారు. రెండో చేయి గడ్డం దాకా వెళ్లి ఆగిపోయింది. రెండు వేళ్లతో నన్ను అందించారు. కామాక్షి నన్ను లాక్కుని ఒకటే పరుగు. వెనకనుంచి నవ్వులు వినపడ్డాయి కానీ, ఆ నవ్వులు ఆమె మీద కాదు.

మేం తిరిగొచ్చేసరికి గుమ్మంలో సారు గడ్డం కడుక్కుని, చేతిరుమాలుతో తుడుచుకుంటూ నిలబడి ఉన్నారు. అంతకుముందు చూసొచ్చిన రెండు బడుల్లోనూ కొబ్బరినీళ్లు ఇచ్చారట.

"ఇటియ్యమ్మా," అన్నారు మెల్లగా.

కామాక్షి నన్ను ఆయన చేతిలో పెట్టింది. "తొందరగా రండి సార్. మీ వెనక పెంచలయ్య ఉండాడు."

పోతూ పోతూ సారు తనిఖీ పుస్తకంలో 'ఈ పాఠశాల విద్యార్థులు నిర్భయంగా మాట్లాడుతున్నారు' అని రాసి సంతకం పెట్టారు.

ఆ తర్వాత నాకు పని తగ్గింది. కామాక్షిని చూసి మిగతా చిన్నపిల్లలు కూడా, టీచర్, పొయ్యొస్తా అని చెప్పేసి పోవడం నేర్చుకున్నారు. ఇప్పుడు బీరువా పైన, విరిగిన గ్లోబు పక్కన నా కాపురం. దుమ్ము పట్టిన మాట నిజమే కానీ, ఇక్కడినుంచి నల్లబల్ల బాగా కనిపిస్తుంది.

సారు వచ్చివెళ్లిన వారంలోనే అనుకుంటాను, టీచర్ గారు ప్రధానోపాధ్యాయుల సమావేశానికి వెళ్తూ తరగతిని లీడరుకు అప్పగించారు. తిరిగొచ్చేసరికి నల్లబల్ల మూలన 'మాట్లాడినవాళ్లు' అన్న జాబితా సిద్ధంగా ఉంది. మొదటి పేరు కామాక్షిది. పక్కన మూడు ఇంటూ గుర్తులు. టీచర్ గారు దాన్ని చాలాసేపు చూశారు. పాఠం రాయడానికి డస్టరు తీసుకుని బల్లంతా శుభ్రంగా తుడిచారు. ఆ మూల మాత్రం తుడవలేదు.