గేటు దగ్గర హయగ్రీవయ్య

కారు దిగగానే వెంకటశేషమ్మకు తన మొగుడు కనిపించాడు.

కోట ఊళ్లోని కల్యాణమండపం గేటు పక్కన, మనిషెత్తు ఫ్లెక్సీలో, తెల్లచొక్కా తొడుక్కుని, ఎడమ కనుబొమ మీద ఆ పాత గాటుతో, చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. పోయి మూడేళ్లయింది. అయినా మనవరాలు వెన్నెల పెళ్లికి వచ్చేవాళ్లందరికీ తానే ఎదురొచ్చి దణ్ణం పెడుతున్నట్టుంది. ఆమె కళ్లు తడిశాయి. చెంగుతో తుడుచుకుని కింద అక్షరాలు చదివింది.

‘స్వర్గీయ వాకాటి హయగ్రీవయ్య గారి దివ్య ఆశీస్సులతో.’

మళ్లీ చదివింది. ఫొటో ఆయనది. వాకాటి అన్న ఇంటిపేరు ఆయనది. మరి ఈ హయగ్రీవయ్య ఎవడు?

“ఒరే హరీ!”

పట్టుపంచె కుచ్చిళ్లు ఒక చేత్తో, ఫోను ఇంకో చేత్తో పట్టుకుని పరుగులు పెడుతున్న కొడుకు హరినాథ్ ఆగాడు. తల్లి వేలు ఎటు చూపిస్తోందో చూశాడు. ఫోను చెవికి ఆనించుకోబోయాడు.

“ఫోను దించు. మీ నాయన బొమ్మ కింద ఆ పేరేందిరా? ఫ్లెక్సీ వాడు తప్పు కొట్టినాడా, నువ్వే కొట్టించినావా?”

“మెల్లగా అమ్మా. లోపలికి రా, చెప్తా.”

“ఈడనే చెప్పు.”

హరినాథ్ తలొంచుకున్నాడు. ఆమెకు జవాబు దొరికిపోయింది.

“నేను చెబుతాను లెండమ్మా” అంటూ సెంటు వాసన కొట్టే సిల్కు చొక్కా ఒకటి మధ్యలోకి వచ్చింది. పెంచలప్రసాద్. పెళ్లికొడుక్కి బాబాయి. తండ్రి లేని పిల్లవాణ్ణి మద్రాసులో పెట్టుకుని చదివించాడు కాబట్టి మగపెళ్లివారి తరఫున ఆయన మాటే మాట. “తప్పు నాదే అనుకోండి. మా చుట్టాలు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఆ పేరు చూస్తే ‘సాయిబుల పిల్లను చేసుకుంటున్నారా?’ అని గుసగుసలు మొదలవుతాయి. అందుకే చిన్న సర్దుబాటు. హ అనే అక్షరం కూడా మార్చలేదు చూడండి! ప్రవరలో కూడా ఇదే చదవమని పంతులుగారికి చెప్పేశాను.”

ప్రవరలో కూడా!

ఫ్లెక్సీ రేపు చెత్తలోకి పోతుంది. ప్రవర అలా కాదు. పీటల మీద పెళ్లికూతురి ముత్తాత పేరు, తాత పేరు, తండ్రి పేరు మూడుసార్లు చదివి, ఫలానా వాళ్ల పిల్లను ఇస్తున్నామని దేవుళ్లకు, మనుషులకు వినిపించే ఘట్టం. మంచం పట్టిన రోజుల్లో ఆయన నవ్వుతూ అన్నాడు, “వెన్నెల పెళ్లికి నేనున్నా, లేకపోయినా నా పేరు మూడుసార్లు పిలుస్తారే. మైకు మాత్రం మంచిది పెట్టించండి.” మైకు మంచిదే పెట్టించారు. పేరే తీసేశారు.

“అయ్యా” అందామె. “ఆయనకు ముందు పుట్టిన బిడ్డలు పురిట్లోనే పోతా ఉంటే, మా అత్త ఏఎస్ పేట దర్గాకు పోయి మొక్కుకునింది. ఆయన నిలబడినాడు. నిలబెట్టిన స్వామి పేరు పెట్టుకునింది. ఈ నెల్లూరు జిల్లాలో ఏ ఊరికి పోయినా ఆ పేరోళ్లు ఉంటారు, అందరూ నామాలు పెట్టేవాళ్లే. మీ పేరులో పెంచల యాడిది? పెంచలకోన దేవుడి మొక్కే గదా? మీ అమ్మ కోనకు పోయింది, మా అత్త పేటకు పోయింది. మీ మొక్కుకు ఒక నాయం, మా మొక్కుకు ఇంకో నాయమా?”

చుట్టూ ఉన్నవాళ్లు దగ్గరికి చేరారు. పెంచలప్రసాద్ చిరునవ్వు మాత్రం చెదరలేదు.

“సరేనమ్మా. అంత మంచి పేరైతే మీ నోటితో ఒక్కసారి అనండి. ఇప్పుడే మార్పిస్తాను.”

వెంకటశేషమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు.

మొగుడి పేరు నోటితో అనకూడదు. అంటే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని తల్లి చెప్పింది, అత్త చెప్పింది. కాపురానికి వచ్చిన రోజు ఆడబిడ్డలు గడప దగ్గర అడ్డం నిలబడి, పేరు చెబితేనే లోపలికి రానిస్తామంటే ఒక్కసారి అన్నది, అదీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఆ తర్వాత ‘హరి వాళ్ల నాయన’. కొబ్బరికాయల కొట్టు అతనిదీ అదే పేరైతే, అతన్ని ‘మా ఇంటాయన పేరుగల ఆయన’ అనేది. ఆస్పత్రిలో నర్సు పేషెంటు పేరేమిటని అడిగితే పక్క మంచం ఆమె చేత చెప్పించింది. ఆయన ఆయుష్షు అయిపోయాక కూడా ఆ నోరు తెరుచుకోలేదు.

“చూశారా!” పెంచలప్రసాద్ అందరివైపూ తిరిగి చేతులు చాచాడు. “మీకే నోరు రావడంలేదు. పంతులుగారు మైకులో ఎలా చదువుతారు?”

ఎవరో కిసుక్కుమన్నారు. హరినాథ్ ఆ నవ్వు విని ఫోను వైపు తల తిప్పుకున్నాడు. వెంకటశేషమ్మకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టు మండింది.

ఆమెను తీసుకెళ్లి వెనక వరసలో కూర్చోబెట్టారు. మొగుడు లేని మనిషి పీటల దగ్గరికి రాకూడదట. వేదిక పక్కన సైదావలి నాదస్వరం ఊదుతున్నాడు. హరినాథ్ పెళ్లికి ఊదిందీ ఆయనే. ఆ పాట లేకుండా ముహూర్తం లేదు. ఊదే సాయిబు కావాలి, వాళ్ల పెద్దల పేరు పెట్టుకున్న మనిషి మాత్రం వద్దు! ఆమె కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది.

మేళం ఆగింది. పంతులుగారు మైకు దగ్గరికి లాక్కున్నారు.

“వెంకయ్య నామధేయస్య నప్త్రీం... హయగ్రీవయ్య నామధేయస్య పౌత్రీం...”

అడ్డుతెర వెనక నుంచి పెళ్లికూతురి గొంతు మైకులో పడి హాలంతా మోగింది.

“నాన్నా, హయగ్రీవయ్య ఎవరు?”

హరినాథ్ ముఖం పాలిపోయింది. “తర్వాత చెప్తా తల్లీ” అన్నాడు. అదీ మైకులో వినబడింది. జనం తలలు కలిపి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

వెంకటశేషమ్మ లేచింది.

నడుమ దారిలో ఆమె రావడం ముందు చూసింది పెంచలప్రసాదే. ఆ నడక చూడగానే ఏం జరగబోతోందో అతనికి అర్థమైంది. చూపుడువేలు పైకెత్తి సైదావలి వైపు గబగబా ఊపాడు. గట్టిమేళం! ఆ మోతలో ముసలామె మాట ఎవరికి వినబడుతుంది?

డోలు మీద కర్ర లేచింది. సైదావలి చెయ్యి ఆ కర్రను పట్టుకుంది. రెండో చేత్తో నాదస్వరం ఒళ్లో పెట్టుకుని, దాని కొసనున్న ఊదే పీక ఊడదీసి, నోట్లో పెట్టుకున్నాడు.

“ఊదవయ్యా!” పెంచలప్రసాద్ పళ్లు కొరికాడు.

“పీక ఎండిపోయింది సార్” అన్నాడు సైదావలి దాన్ని తీసి వెలుగులో చూస్తూ. “తడవాల. ఎండిన పీకతో ఊదితే అపశ్రుతి. పెళ్లికి మంచిది కాదు.”

అప్పటికి ఆమె వేదిక ఎక్కేసింది. ఎవరో “అమ్మా, మీరు రాకూడదు” అన్నారు. ఆమె వినలేదు. పంతులుగారి ముందున్న మైకు మీదికి వంగింది. చెంగు చేతిలోనే ఉంది. నోటికి అడ్డం పెట్టుకోలేదు.

“హజరత్తయ్య” అంది.

మైకును నోటి దగ్గరికి వంచుకుంది. మళ్లీ అంది.

“హజరత్తయ్య. నా మొగుడి పేరు వాకాటి హజరత్తయ్య. ఈ బిడ్డకు తాత ఆయన. ఆ హయగ్రీవయ్య ఎవుడో నాకు తెలవదు. ఆయనతో నేను కాపురం చెయ్యలేదు!”

హాలు ఒక్కసారి ఘొల్లుమంది. ఈసారి నవ్వు ఎవరి మీదో పెంచలప్రసాద్‌కు తెలిసింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

పంతులుగారు పంచాంగం మూసి చేతుల్లో పెట్టుకున్నారు. “నాకేం అభ్యంతరం లేదమ్మా. ఇచ్చేవారు ఏ పేరు చెబితే అది చదువుతాను. కన్యాదాత చెప్పాలి.”

అందరూ హరినాథ్ వైపు తిరిగారు. పెంచలప్రసాద్ ముందుకు వంగి, “హరినాథ్ గారూ, ఆలోచించుకుని మాట్లాడండి” అన్నాడు మెత్తగా. ఆ మెత్తదనంలో ముల్లు ఉంది.

హరినాథ్ తెరవైపు చూశాడు. తెర అంచు పట్టుకున్న కూతురి వేళ్లు కనిపించాయి. పక్కన తల్లి, పెళ్లికని కట్టుకున్న చీరలో, యుద్ధానికి వచ్చినట్టు నిలబడి ఉంది.

“ఇన్నాళ్లూ ఆలోచించకుండానే చేసినాను సార్” అన్నాడు. “పంతులుగారూ, మా నాయన పేరు హజరత్తయ్య. మొదటినుంచి చదవండి.”

తెర అవతల పెళ్లికొడుకు గొంతు సవరించుకున్నాడు. “చదవండి పంతులుగారూ, ముహూర్తం దాటిపోతుంది” అన్నాడు. బాబాయి వైపు మాత్రం చూడలేదు.

పంతులుగారు మొదలుపెట్టారు. వెంకటశేషమ్మ వేదిక దిగలేదు. ఎవరూ దిగమనలేదు. హజరత్తయ్య నామధేయస్య పౌత్రీం అన్న మాట మూడుసార్లూ ఆమె చెవిలో పడింది. మైకు నిజంగానే మంచిది. వంటశాల దాకా వినబడింది.

తాళి కట్టే వేళకు సైదావలి పీక సరిగ్గా తడిసింది.

తలంబ్రాలు అయ్యాక వెన్నెల నాయనమ్మ చెయ్యి పట్టుకుని చెవిలో అడిగింది, “జేజీ, ఇంకొక్కసారి అనవా? మా అత్తగారోళ్లు ఫోన్లో వీడియో తీసుకుంటారంట.”

“ఛీ పో! మొగుడి పేరు ఎవురన్నా అంటారా?” వెంకటశేషమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతలోనే కొడుకును చూసి ఆ చెంగు తీసేసింది. ఇందాకటి మంట ఇంకా చల్లారలేదు.

“హరీ, నిలబడి చూస్తా ఉండావే? పోయి గేటు దగ్గర పేరు చించి రా. మీ నాయన బొమ్మకు గీత పడకూడదు, జాగ్రత్త. ఆ హయగ్రీవయ్య ఎవురో పాపం, పొద్దుట్నించీ ఎండలో నిలబడుండాడు.”